ఎలీసమ్మ కట్టిన పీలికలు

ముందే చెబుతున్నాను, నాకు కోపం ఎక్కువ. ముప్పై ఆరేళ్ళు మిషన్ కాంపౌండు బడిలో పిల్లలకి సైన్సు చెప్పాను. బెత్తం పట్టిన చెయ్యి రిటైరైనా ఊరుకోదు. ఈ సంగతి చెప్పేటప్పుడు మధ్యలో ఎవరినైనా నాలుగు మాటలంటే ఏమీ అనుకోకండి, అనాల్సినవాళ్ళనే అంటాను. ఆ వరసలో జయకుమారి టీచర్ అనే మనిషి కూడా ఉంది. అంటే నేనే.

చెప్పాల్సింది ఎలీసమ్మ గురించి. వినుకొండకి పన్నెండు కిలోమీటర్ల దూరంలో మా ఊరు. మూడు పక్కలా మిరప, పత్తి. పడమట మాత్రం గుట్టలు. ఊరి మొదట్లో దొరల కాలం నాటి మిషన్ బంగళా, దాని చుట్టూ నాలుగెకరాల తోట ఉన్నాయి. బంగళా పెంకులు ఎగిరిపోయి కోతులకి కాపురమైంది గానీ తోట మాత్రం ఇప్పటికీ పచ్చగా ఉందంటే అది ఎలీసమ్మ చలవే. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, పొట్టిగా, గట్టిగా చింతపిక్కలా ఉంటుంది. పొద్దున్నే గోచీ పెట్టి పారతో దిగిందంటే మొక్కల్ని తిడుతూనే నీళ్ళు పెడుతుంది. "ఏమే, నీకేం పోయేకాలం? నిన్న పెట్టిన నీళ్ళు ఎక్కడికి పోయినయ్యే?" అని సపోటా చెట్టుని అడుగుతుంటే, గోడ అవతల పోయేవాళ్ళు ఎవరితోనో తగాదా పడుతోందనుకుంటారు.

ఆమె తాత దానియేలు ఆ తోట వేసినవాడు. అప్పట్లో ఇక్కడ ఒక డాక్టర్ దొరసాని ఉండేదట. రోగుల మీద ఎంత శ్రద్ధో, మొక్కల మీద అంతకి రెండింతల పిచ్చి. వాళ్ళ దేశం నుంచి గులాబీలు తెప్పించి మన నల్లరేగట్లో పాతించింది. వేసినవి వేసినట్టు చచ్చాయి. "నల్లరేగడి పత్తికి తల్లి, గులాబీకి సవతి తల్లి అమ్మగారూ" అని చెప్పి, దానియేలు గుట్ట కింది నుంచి రెండెడ్ల బండితో నీళ్ళు నిలవని మొరుసుమట్టి తోలి ఎత్తు మడులు కట్టాడు. అప్పుడు బతికాయి. ఆ రోజు నుంచి దొరసాని ఎక్కడికెళ్ళినా పక్కన దానియేలు ఉండాల్సిందే. రేకుడబ్బా ఒకటి, పాత కాగితాల కట్ట ఒకటి, తోలు పట్టీలతో బిగించే చెక్కలు రెండు నెత్తిన పెట్టుకుని వినుకొండ నుంచి నల్లమల అంచుల దాకా తిరిగాడు. దొరసాని ఏ మొక్క కావాలన్నా గుట్ట ఎక్కి తెచ్చేది ఇతను. కాగితాల మధ్య పరిచి, చెక్కల్లో బిగించి, రోజూ తడి కాగితాలు తీసి పొడివి పెట్టేదీ ఇతనే. ఓడల మీద వెళ్ళిన ఆ ఎండుమొక్కల కింద రాసింది మాత్రం దొరసాని పేరు.

ఎలీసమ్మ తల్లి పురిట్లోనే పోతే ఈ తాతే పెంచాడు. దొరసాని దేశం వెళ్ళిపోయాక కూడా ముసలాయన గుట్టలు తిరగడం మానలేదు. చంకనెక్కాల్సిన వయసులో ఈ పిల్ల ఆయన వెనకాల ముళ్ళలో నడిచింది. ఏ ఆకు ఏ వానకి మొలుస్తుందో, ఏ గడ్డ ఎన్నేళ్ళకి పూస్తుందో ఆమెకి నోటికొచ్చు. ఆ తర్వాత పెళ్ళైంది. మొగుడు సంజీవరావు మార్కెట్ యార్డులో మిరప బస్తాలు మోసి మోసి, ఆ ఘాటుకి ఊపిరితిత్తులు చెడి నలభై ఐదేళ్ళకే పోయాడు. ఈమె మిరప కోతలకి వెళ్తూ, మిగతా రోజులు తోట చూస్తూ, ఉన్న ఒక్క కూతుర్నీ నర్సు ట్రైనింగు చదివించింది. ఇవన్నీ ఊళ్ళో అందరికీ తెలుసు. ఎవరికీ తెలియనిది ఒక్కటే, సెమ్మెతీగ.

అది గడ్డ నుంచి లేచే తీగ. సన్నగా దారంలా పక్క పొదని పట్టుకుని పాకుతుంది. భాద్రపదంలో పూస్తుంది. పువ్వు వేలి కణుపంత. అడుగున గుండ్రంగా, నడుం సన్నగా, పైన అయిదు రేకుల చివర్లూ కలిసి అచ్చం వెలిగించిన దీపపు సెమ్మెలా ఉంటుంది. ప్రపంచంలో ఎక్కడుందో ఎక్కడ లేదో నాకు తెలియదు, మా పక్క మాత్రం నాకు తెలిసి ఒకే ఒక్క గుట్ట మీద పందొమ్మిది మొక్కలు. వాటిని దానియేలు తాత మనవరాలికి చూపించి పోయాడు. ఆమె యాభై ఏళ్ళకి పైగా కాపాడుకొచ్చింది. కన్నకూతురికి కూడా చూపించలేదు, దానికి ఆసక్తి లేదని.

ఎట్లా కాపాడిందో చెప్పాలి, అసలు కథంతా అందులోనే ఉంది. మిరప తోటలు చూసినవాళ్ళకి తెలుసు. తోటలో మంచి కాపున్న చెట్లు ఏరి, విత్తనానికని వదిలి, వాటికి గుడ్డపీలిక కడతారు. కూలికొచ్చిన ఆడవాళ్ళు ఎంత వడిగా కోసుకుపోతున్నా పీలిక కనబడితే ఆ చెట్టు వదిలేసి పక్క చెట్టుకి పోవాల్సిందే. పొరపాటున ఎవరైనా చెయ్యి పెడితే పక్క సాలు నుంచే కేకలు పడతాయి, "ఏమ్మేయ్, పీలిక కనపళ్ళా? విత్తనం తింటావా?" అని. మా దిక్కున చంటిపిల్లలకి కూడా తెలిసిన మాట అది. పీలిక ఉందంటే ముట్టుకోకూడదు. అంతే.

సెమ్మెతీగ దీపావళికల్లా ఎండిపోతుంది. పైన ఏమీ కనబడదు, గడ్డ మాత్రం నేలలో నిద్రపోతుంటుంది. మేకలు కాసేవాళ్ళు ఎండాకాలం దాహానికి అక్కడా ఇక్కడా తవ్వి, చేతికి తగిలిన గడ్డలు తింటారు. అందుకని ఎలీసమ్మ తీగ ఎండకముందే ప్రతి మొక్క పక్కనా ఉన్న పొదకి తన పాత చీర చింపి పీలిక కట్టేది. మేకలవాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళంతా మిరప కోసేవాళ్ళే గదా! ఎవరు కట్టారో ఎందుకు కట్టారో అడక్కుండానే వదిలేసేవాళ్ళు. ఇన్నేళ్ళలో ఒక్క గడ్డ పోలేదు.

ఇక త్రినాథ్ సంగతి. వాడు నా స్టూడెంటే. పక్క ఊళ్ళో మూడెకరాల మిరప వేసే శివపార్వతి కొడుకు. తెలివైన పిల్లాడు, ఆకుల బొమ్మలు ప్రాణం ఉన్నట్టు వేసేవాడు. బోటనీలో డాక్టరేటు చేసి గుంటూరులో లెక్చరరయ్యాడు. రెండేళ్ళ కిందట ఆగస్టులో మా ఇంటికొచ్చి నా కాళ్ళకి దణ్ణం పెట్టాడు. మొహాన వినయం కారిపోతోంది. "టీచర్ గారూ, దానియేలు గారి మనవరాలు మీకు తెలుసంటగా?" అన్నాడు. ఆ వినయం చూసి మురిసిపోయాను. నా మొహానికి అంతకన్నా ఏం తెలుసు!

తోటలో మామిడి కింద కూర్చోబెట్టి ఎలీసమ్మకి ఫోన్లో ఒక ఫోటో చూపించాడు. ఏదో పరాయి దేశపు మ్యూజియంలో దాచిన ఎండుమొక్క. గోధుమరంగు కాగితం మీద సెమ్మెతీగ. గడ్డ, ఆకు, నాలుగు పువ్వులు. ఎలీసమ్మ కళ్ళు చిట్లించి చూసింది. గడ్డకి దారంతో కట్టిన చిన్న చీటీ ఒకటుంది. ఆ దారం దగ్గర వేలు పెట్టేసరికి ఫోటో పెద్దదైంది. ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"టీచరమ్మా, ఆ ముడి చూడు. రెండు చుట్లు చుట్టి కింద నించి తీశాడు. మా తాత ముడి అది. సద్ది మూటలు కూడా అట్టాగే కట్టేవాడు" అంది.

"కింద ఏం రాసుందిరా?" అని నేనడిగాను.

"1936 సెప్టెంబరు. వినుకొండ తాలూకా గుట్టలు. సేకరించినవారు అని దొరసాని పేరు" అన్నాడు త్రినాథ్.

"మా తాత పేరు?" అంది ఎలీసమ్మ.

"లేదు అమ్మమ్మా." వాడు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఆ తర్వాత తొంభై ఏళ్ళుగా దీన్ని చూసినవాళ్ళు లేరు. అంతరించిందని పుస్తకాల్లో రాసేశారు. మీరు గనక చూపిస్తే, ఈసారి మీ తాతయ్య పేరూ మీ పేరూ రెండూ రాస్తాను. మాటిస్తున్నా."

ఆమె ఏమీ తేల్చలేదు. ఆ సాయంత్రం మా అరుగు మీదకొచ్చి కూర్చుంది. "టీచరమ్మా, ఆ పిల్లోడు ఎట్టాంటోడు?" అని అడిగింది.

"నా చేతికింద చదివాడక్కా. బంగారం లాంటి పిల్లాడు. పూచీ నాది" అన్నాను.

"నాకు వాడెవడో తెలవదు. నీ మాట మీద చూపిత్తన్నా" అంది.

ఇదిగో, ఇక్కడ నన్ను నేను తిట్టుకోవాలి. పూచీ అంటే ఏమిటనుకున్నాను? బడిలో సర్టిఫికెట్ మీద సంతకం పెట్టినంత తేలిగ్గా అనేశాను. ఆమె మాత్రం ఆ మాట పట్టుకుని, అంతకాలం దాచిన చోటు తెరిచి చూపించింది.

సెప్టెంబరు మొదట్లో ముగ్గురం గుట్టెక్కాం. నా మోకాళ్ళు తిట్టని తిట్టు లేదు. పైన రాతి చీలికల్లో, మొరుసునేలలో పందొమ్మిది తీగలు పూసి ఉన్నాయి. త్రినాథ్ మోకాళ్ళ మీద కూలబడి ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడండీ, ఆ కన్నీళ్ళు అబద్ధమని ఇప్పటికీ అనలేను. ఫోటోలు తీసుకున్నాడు. ఒక్క కొమ్మ మాత్రం, అదీ ఎలీసమ్మ చూపించిన చోట తుంచుకున్నాడు. అప్పుడు ఎలీసమ్మ మూటలోంచి పాత నీలంరంగు చీరముక్క తీసి పీలికలు చింపబోయింది.

"అమ్మమ్మా, నీలం దూరానికి కనపడదు. మా అమ్మ విత్తనం చెట్లకి ఎర్రగుడ్డే కడుతుంది" అని వాడు తన సంచిలోంచి ఎర్ర తువాలు తీసి, వాడే సన్నంగా చింపి, సగం పీలికలు వాడే కట్టాడు. "మంచి బుద్ధిమంతుడు" అని ఎలీసమ్మ వాడి తల నిమిరింది. నేను పక్కనే నిలబడి చూశాను. చూసి ఆనందపడ్డాను కూడాను, నా కళ్ళు కాలిపోను!

నవంబరు ఆఖర్న తుఫాను పడింది. వాన తెరిపిచ్చిన రెండోరోజు నేను అరుగు మీద బియ్యం ఏరుకుంటున్నాను. గేటు తీసిన చప్పుడైంది. ఎలీసమ్మ వచ్చి ఒడిలోంచి గుప్పెడు ఎర్ర పీలికలు తీసి అరుగు మీద పెట్టింది. బురద ముద్దలు.

"ఏంటక్కా ఇవి?"

"లెక్కపెట్టుకో. పందొమ్మిది. గుట్ట మీద పందొమ్మిది గుంటలున్నయ్. ఒక్క గడ్డ లేదు."

మేకలవాళ్ళేమోనన్నాను. ఆ మాట నాకే నమ్మకం లేదు. ఇద్దరం కలిసి మేకలు కాసే సైదా దగ్గరికెళ్ళాం. నలభై ఏళ్ళుగా ఆ గుట్ట మీదే తిరిగే మనిషి. మమ్మల్ని చూడగానే నవ్వుతూ లేచాడు.

"ఏందమ్మా, ఎనిమిది రోజుల కింద మీ స్టూడెంటు బండేసుకుని వచ్చాడుగా, ఇద్దరు కూలోళ్ళతో. నేను అడ్డం పోయా. పీలిక కట్టిన దాన్ని ముట్టుకుంటారేందయ్యా అన్నా. మా టీచర్ గారు చెప్పారు, ఎలీసమ్మ అమ్మమ్మే మాకు గుర్తుగా కట్టించింది అన్నాడు. మీ పేరు చెప్పాడని ఊరుకున్నా. ఏం, తప్పయిందా?"

తీగలు ఎండిపోయి నేల బోసిగా ఉన్న రోజుల్లో, మనిషి కంటికి గడ్డలున్న చోటు తెలిసే దారే లేదు. ఆ ఎర్ర పీలికలే దారి చూపించాయి. ముట్టుకోవద్దని కట్టినదే వాడికి ఇక్కడ తవ్వు అని పనికొచ్చింది. ఎలీసమ్మ అక్కడే బండ మీద కూర్చుని, "నేనే చూపిచ్చా. నా చేత్తోనే కట్టిచ్చా" అని రెండుసార్లు అంది. ఆ తర్వాత లేచి ఇంటిదారి పట్టింది.

నేను ఊరుకుంటానా? ఇంటికొచ్చీ రాగానే ఫోను చేశాను. "ఒరేయ్ త్రినాథ్, ఏం చేశావురా?"

"టీచర్ గారూ, మీకే చేద్దామనుకుంటున్నా. మన మొక్కలు భద్రంగా ఉన్నాయండి" అన్నాడు, ఏదో మేలు చేసినవాడిలా. తాడేపల్లి దగ్గర కృష్ణ ఒడ్డున నాగేంద్రబాబు గారని కోల్డ్ స్టోరేజీల ఆసామి ఉన్నారట. పన్నెండెకరాల్లో అరుదైన మొక్కల వనం వేస్తున్నారట. దానికి వీడు డైరెక్టరట. గుట్టల మీద ఎప్పుడైనా క్వారీ పడొచ్చు, ఇక్కడైతే కంచె ఉంది, కాపలా ఉంది అన్నాడు.

"ఆమెని అడిగావా?"

"పీలికలు కట్టి ఇచ్చారు కదండీ. తీసుకెళ్ళడానికి గుర్తు పెట్టారనుకున్నా..."

అప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. తవ్వుకుపోయినందుకు కాదు, ఆ మాటన్నందుకు. "ఛీ, నోర్ముయ్! మిరపతోటలో పుట్టినవాడివి, పీలిక అంటే ఏంటో నీకు తెలియదా? మీ అమ్మని పిలిచి అడగమంటావా? నీ తువాలు చింపి నువ్వే కట్టావు గదరా, నా కళ్ళ ముందు! తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళని చూశాను గానీ, ఆ వాసాలు ఊడబీక్కుని పోయినవాణ్ణి నిన్నే చూస్తున్నా" అని పెట్టేశాను. పెట్టేశాక ఏడుపొచ్చింది. నా పేరు చెప్పి చేశాడు. నేనిచ్చిన పూచీని తాళంచెవిలా వాడుకున్నాడు.

ఫారెస్టు వాళ్ళకి అర్జీ పెడదామన్నాను. ఎలీసమ్మ వద్దంది. "వాళ్ళొచ్చి చోటెక్కడ అంటారు. పేపరోళ్ళొచ్చి చోటెక్కడ అంటారు. ఎందుకులే టీచరమ్మా." నన్ను ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది. మా ఇంటికి రావడం మాత్రం తగ్గించింది. తోటకి నేను వెళ్తే పలకరిస్తుంది, నీళ్ళిస్తుంది. ఇదివరకు "ఇదిగో టీచరమ్మా, ఇది చూడు" అని ప్రతి చిగురూ చూపించేది. అది మానేసింది.

మరుసటేడు జులైలో త్రినాథ్ మా గుమ్మంలో నిలబడ్డాడు. మనిషి సగమైపోయాడు. జూన్ వానలు పడి నెల దాటినా ఒక్క సెమ్మెతీగ మొలవలేదట. వచ్చే నెల్లో వనం ప్రారంభోత్సవం. నాగేంద్రబాబు మండిపడుతున్నాడట. "అమ్మమ్మని ఒక్కసారి తీసుకురండి టీచర్ గారూ. ఆమెకి తప్ప ఎవరికీ తెలియదు" అని బతిమాలాడు. తలుపు మొహం మీద వేసేదాన్నే. కానీ ఆ గడ్డల్లో ఇంకా ఏదన్నా ప్రాణం ఉందేమోనని భయం. వెళ్ళి ఎలీసమ్మతో చెప్పాను. ఆమె పార కిందపెట్టి, కాళ్ళు కడుక్కుని, "పద" అంది. దారంతా కారు కిటికీలోంచి మబ్బు వంకే చూసింది.

ఆ వనం చూడాలి మీరు! గ్రానైటు బాటలు, నీళ్ళు చిమ్మే గొట్టాలు, ఏ దేశానివో తాటిచెట్లు. ఒక మూల అద్దాల పందిరి కింద ఇరవై అడుగుల మడి. పక్కన నిగనిగలాడే బోర్డు. ఎలీసమ్మ బైబిలు చదివే మనిషి, అక్షరం అక్షరం కూడబలుక్కుని పైకే చదివింది. సెమ్మెతీగ. తొంభై ఏళ్ళ తర్వాత కనుగొన్నవారు డాక్టర్ త్రినాథ్. సమర్పణ నాగేంద్రబాబు, తమ తల్లి గారి జ్ఞాపకార్థం.

"మా తాత పేరు లేదే నాయనా" అంది.

"ఇంకో బోర్డు వస్తుంది అమ్మమ్మా. అందులో..." అని నసిగాడు త్రినాథ్.

ఆమె ఆ మాట పట్టించుకోకుండా మడిలోకి దిగింది. నల్లరేగడి. అందులో పేడ ఎరువు కలిపారు. గొట్టాల్లోంచి చుక్కచుక్కా నీళ్ళు. చేత్తో మట్టి తీసి వాసన చూసింది. మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో చోటా వేళ్ళతో తవ్వుతూ పోయింది. మెత్తగా, నల్లగా, చేతికంటుకునే ముద్దలు. ఒకటి, రెండు, అయిదు, పది. ఎక్కడన్నా ఒక్కటి గట్టిగా తగులుతుందేమోనని నేనూ వంగి చూస్తున్నాను. పందొమ్మిదోది కూడా అంతే. పైట చెంగుతో చేతులు తుడుచుకుని లేచింది.

"ఎండాకాలమంతా నీళ్ళు పెట్టావా?"

"రోజూ, చాలా జాగ్రత్తగా అమ్మమ్మా. టైమర్ పెట్టి..."

"దీపావళి నించి తొలకరి దాకా దానికి చుక్క పడకూడదు. నేల మొరుసుండాల. నన్నడిగితే చెప్పేదాన్ని గదా నాయనా. అడిగితే నేనే రెండు గడ్డలు తీసిచ్చి, నీతోపాటొచ్చి పాతిపెట్టి పోయేదాన్ని. అడక్కపోయావా?"

కోపంగా అనలేదు. అందుకే వాడు తట్టుకోలేకపోయాడు. ఆ బాట మీదే చతికిలబడి, "తప్పయిపోయింది అమ్మమ్మా. ఉద్యోగం, పేరు, అన్నీ కళ్ళకి కమ్మాయి. ఒక్కసారి... ఇంకెక్కడన్నా ఉందా? వేరే గుట్ట మీద? నేను ముట్టుకోను, ఉందని చెబితే చాలు. ఈ భూమ్మీద లేకుండా పోయిందన్న పాపం నా నెత్తిన ఉండకుండా చెప్పు" అని ఆమె కాళ్ళు పట్టుకున్నాడు.

ఆమె వాడి చేతులు తన కాళ్ళ మీంచి తీసింది. "లేదు. ఉన్నయ్యన్నీ నువ్వే తెచ్చావు" అంది.

వాడి కారెక్కనంది. విజయవాడ వెళ్ళి బస్సెక్కాం. బస్టాండులో పులిహోర పొట్లాలు కొంటే మొత్తం తినేసింది. అప్పుడే నాకు అనుమానం తగిలింది. ఈమె సంగతి నాకు తెలియనిదా? ఒక నిమ్మమొక్క ఎండిపోతే అన్నం మానేసే మనిషి. ఆఖరి సెమ్మెతీగ పోతే ఇట్లా పులిహోర తింటుందా?

బస్సు నరసరావుపేట దాటాక మెల్లిగా అడిగాను. "అక్కా, వాడికి చెప్పకపోతే పోనీ. ఎక్కడన్నా ఉంటే నాతో చెప్పు. నీకూ నాకూ వయసు మీద పడింది. నీ తర్వాత ఎవరో ఒకరికి తెలియాలి గదా? మేకలవాళ్ళు తవ్వేస్తే ఎట్లా? నేను ఎవరికీ చెప్పను, పూచీ..."

ఆ మాట నోట్లోనే ఆగిపోయింది. ఆమె నా వైపు తిరిగింది. ఆ చూపులో కోపం లేదు, జాలి ఉంది.

"లేదు టీచరమ్మా" అంది. నా చేతి మీద చెయ్యి వేసి, "నిద్ర వస్తే నా భుజాన తలేసుకుని పడుకో, ఇంకా దూరముంది" అంది.

నాకు తెలుసు అది అబద్ధమని. నాకు తెలుసన్న సంగతి ఆమెకీ తెలుసు. నలభై ఏళ్ళ స్నేహంలో ఆమె నాతో ఆడిన మొదటి అబద్ధం అది. దానికి కారణం త్రినాథ్ ఒక్కడే అని నన్ను నేను సముదాయించుకోవచ్చు. కానీ వాణ్ణి ఆమె గడపకి తీసుకెళ్ళిన చెయ్యి ఎవరిది?

సెప్టెంబరు వచ్చింది. ఒక ఆదివారం గుడిలో ఆరాధన అయ్యాక, మా చెల్లెలి కొడుకు ఏసుబాబుని చూసి వద్దామని పక్క ఊరికి డొంకదారిన నడిచి వెళ్తున్నాను. ఎదురుగా, చాలా ముందు, ఎలీసమ్మ. చేతిలో మూట లేదు, కర్ర లేదు, గుడ్డముక్క లేదు. పీలిక కట్టడం మానేసింది కాబోలు. ఇక ఆ చోటు ఆమె బుర్రలో తప్ప ఎక్కడా గుర్తు ఉండదు. పత్తి చేల మధ్య నుంచి, మేమెక్కిన గుట్టకి కాకుండా ఆ వరసలో ఉత్తరపు కొసన ఉన్న గుట్ట వైపు చీలే కాలిబాట దగ్గరికి వచ్చి, వెనక్కి తిరిగి చూసింది. నన్ను గుర్తుపట్టింది.

పిలుద్దామని నోరు తెరిచాను. ఆమె చటుక్కున గట్టు మీద కూర్చుని, చెప్పు విప్పి, పాదం ఒళ్ళో పెట్టుకుని ముల్లు తీసుకుంటున్నట్టు వంగింది. నేను దగ్గరికొచ్చాను. ఆ పాదంలో ముల్లు లేదు. తల ఎత్తకుండానే, "ఎక్కడికి టీచరమ్మా?" అంది.

"ఏసుబాబుని చూడటానికక్కా."

"ఊఁ. ఎండెక్కకముందే పో."

నేను నడిచాను. వెనక్కి తిరిగి చూడలేదు, చూస్తే ఆమె ఎటు వెళ్తుందో తెలిసిపోతుందని. మలుపు దగ్గర డొంక వంపు తిరిగేచోట మాత్రం కంటి చివర పడింది. ఆ పత్తిచేల మధ్య ఆమె ఇంకా గట్టు మీదే కూర్చుని ఉంది, నేను పూర్తిగా కనుమరుగయ్యేదాకా, లేని ముల్లు తీసుకుంటూ.